బ్లాక్‌ఫుట్ జనుల నడుమ ఒక కూటెనై పురుషుడు : చిత్తరువు, శీర్షిక, భాష

ఉత్తర అమెరికా ఆదిమజాతుల చిత్తరువులలో కార్ల్ బోడ్మర్ అను స్విస్ చిత్రకారుడు రచించినవి ప్రసిద్ధములు. జర్మనీ దేశమందలి వీడ్ సంస్థానపు రాజకుమారుడు మాక్సిమిలియన్ ప్రకటించిన యాత్రాగ్రంథమునకు ఈ చిత్రములు తోడుగ వెలువడినవి. అందు నలుబదియారవ ఫలకమున ముగ్గురు పురుషుల రూపములు ఒకే కాగితముపై ముద్రితమై యున్నవి. ఫలకము క్రింద జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో శీర్షిక కలదు. ఒకడు బ్లడ్ తెగ నాయకుడని, ఇంకొకడు పీగన్ తెగ యుద్ధనాయకుడని ఆ శీర్షిక చెప్పుచున్నది. మూడవవానిని గూర్చి చెప్పినది ‘కూటాని ఇండియన్’ అనునంతమాత్రమే.

మొదటి యిరువురకు తెగ పేరుతో పాటు పదవియు చెప్పబడినది. మూడవవానికి పదవి లేదు. జాతి పేరు మాత్రము కలదు. అదియు ఫలకమందలి తక్కిన యిరువురిది కాదు. బ్లడ్, పీగన్ తెగలు రెండును బ్లాక్‌ఫుట్ సమూహమునకు చెందినవి. కూటెనై జనులు రాకీ పర్వతములకు ఆవలి వైపువారు. వారి భాష వేరు, జీవనవిధానము వేరు. బ్లాక్‌ఫుట్ వారికిని కూటెనై వారికిని నడుమ తరతరముల వైరము నడచినదని చరిత్రగ్రంథములు చెప్పుచున్నవి. అట్టివాడు బ్లాక్‌ఫుట్ జనుల నడుమ నివసించుచు, వారి నాయకుల సరసన చిత్రకారుని యెదుట కూర్చుండుటకు కారణమేమి? ఆ ఒక్క జాతినామము ఎట్టి సాక్ష్యము నిచ్చును, దేనిని మరుగుపరచును అనునది ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. జనుల పేర్లను, భాషల పేర్లను ఏకముగ భావించు అలవాటు భాషాశాస్త్రమున నేటికిని కలదు గనుక ఈ పరిశీలన భాషావిషయజ్ఞులకు అప్రస్తుతము కాదు.

చిత్రము పుట్టిన చోటు

మాక్సిమిలియన్ (1782–1867) వినోదార్థము తిరిగిన యాత్రికుడు కాడు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున బ్లూమెన్‌బాహ్ అను మానవశాస్త్రజ్ఞునికడ శిష్యరికము చేసిన ప్రకృతి శాస్త్రవేత్త. 1815 మొదలు 1817 వరకు బ్రెజిల్ అరణ్యములందు సంచరించి గ్రంథములు వ్రాసెను. 1832లో ఆతడు అమెరికాకు ప్రయాణమైనపుడు, చూచిన దానిని చూచినట్లు చిత్రించుటకై వెంట తీసికొని వచ్చిన యువకుడే బోడ్మర్ (1809–1893). ఆ యేడు జూలై 4వ తేదీన వారు బోస్టన్ రేవున దిగిరి. మరునాటి వసంతమున సెయింట్ లూయిస్ నుండి ఆవిరియోడపై మిస్సోరి నది కెదురుగ బయలుదేరిరి. ఫోర్ట్ యూనియన్ దాటిన పిమ్మట ఆవిరియోడ ముందునకు పోజాలలేదు. అచటినుండి త్రాళ్లతో లాగు పడవపై సాగి 1833 ఆగస్టు 9వ తేదీన ఫోర్ట్ మెకెంజీ అను వర్తకస్థావరమును చేరిరి.

ఫోర్ట్ మెకెంజీ నేటి మాంటానా రాష్ట్రమున, మరాయస్ నది మిస్సోరిలో కలియు చోటికి సమీపమున నుండెను. అమెరికన్ ఫర్ కంపెనీ వారు బ్లాక్‌ఫుట్ జనులతో బొచ్చుతోళ్ల వర్తకము చేయుటకై 1832లో దానిని నిర్మించిరి. కొయ్యకంచెతో చుట్టబడిన ఆ చిన్న కోట చుట్టును పీగన్, బ్లడ్, సిక్సికా తెగలవారి డేరాలు వెలయుచుండెడివి. తోళ్లకు మారుగ తుపాకులు, మందుగుండు, దుప్పట్లు, పూసలు, సారాయము లభించెడివి. మాక్సిమిలియన్ బృందము సెప్టెంబరు 14వ తేదీ వరకు, అనగా సుమారు అయిదు వారములు, అచట నుండెను.

ఆ కాలము ప్రశాంతముగ గడువలేదు. ఆగస్టు 28వ తేదీ వేకువజామున అసినిబోయిన్, క్రీ యోధులు పెద్దసంఖ్యలో వచ్చి కోట వాకిట నున్న పీగన్ డేరాలపై బడిరి. డేరాలలోని వారు కోటలోనికి పరుగిడి వచ్చిరి. ఆ పోరును కన్నులార చూచిన యూరోపీయులు ఆ బృందమువారు. ఇట్టి చోట, అట్టి దినములలో ‘వీడు ఎవరివాడు’ అను ప్రశ్న ప్రాణములతో ముడివడినది. కూటెనై పురుషుడు ఆ కోటకడ చిత్రకారుని యెదుట కూర్చుండెననగా, బ్లాక్‌ఫుట్ జనులు ఆతనిని తమ నడుమ మననిచ్చిరనుట స్పష్టము.

మూడు చిత్రములు, ఒక ఫలకము

ఈ ఫలకమును చదువుటకు ముందు అది తయారైన తీరు తెలియవలెను. కోటలో బోడ్మర్ ఒక్కొక్క మనుష్యుని వేరువేరుగ కూర్చుండబెట్టి నీటిరంగులతో చిత్రించెను. రాగిరేకులపై చెక్కించి అచ్చువేయించు పని ఐరోపాకు తిరిగి వచ్చిన తరువాత పారిస్ నగరమున జరిగెను. వ్యయమును, స్థలమును పొదుపు చేయుటకై పెక్కు వేరువేరు చిత్తరువులను ఒకే రేకుపై కూర్చుట ఆ గ్రంథమందలి పద్ధతులలో ఒకటి. జర్మన్ గ్రంథము 1839 మొదలు 1841 వరకు కోబ్లెంజ్ నగరమున వెలువడెను. దాని చిత్రసంపుటమున 81 ఫలకములు కలవు. వానిలో 48 పెద్దవి, 33 చిన్నవి. సంక్షిప్తమైన ఇంగ్లీషు అనువాదము 1843లో లండన్ నగరమున ప్రకటితమయ్యెను.

కావున నలుబదియారవ ఫలకమందు ఆ ముగ్గురి చేరిక చెక్కడపు పనివాని బల్లపై జరిగినది. చూపరికి ముగ్గురును ఒకే సభలో కూర్చున్నట్లు తోచును. వారు అట్లు కూర్చుండి చిత్రింపబడలేదు. అయినను ఆ కూర్పు నిరాధారము కాదు. ముగ్గురును ఒకే వర్తకస్థావరమున, ఒకే ఋతువులో, ఒకే చిత్రకారునికి కనబడినవారు. కోటలో నున్న జనసమ్మర్దమున కూటెనైవాడును ఒకడు. ఫలకము దృశ్యమును కల్పించినది, సాంగత్యమును కల్పింపలేదు. చరిత్రకారుడు ఈ రెంటికి గల భేదమును విడువరాదు.

శీర్షిక విషయము వేరు. కోటలో చిత్రింపబడినవాడు ఒక వ్యక్తి. అచ్చుపుటకు వచ్చునప్పటికి ఆతడు ఒక జాతికి మచ్చుతునుక అయ్యెను. అది పందొమ్మిదవ శతాబ్దపు ప్రకృతిశాస్త్ర పద్ధతి. మొక్కలకును పక్షులకును జాతి పేరు వ్రాసినట్లే మనుష్యుల క్రిందను వ్రాయుట ఆనాటి పండితులకు సహజముగ తోచినది. నాయకులగుట చేత మొదటి యిరువురకు పదవి దక్కినది. మూడవవాడు ‘కూటాని’ అను జాతికి ప్రతినిధిగ మిగిలెను. ఆ జాతి నడుమ గాక అన్యుల నడుమ నివసించుచుండినవాడు ఆ జాతికి ప్రతినిధి యగుట ఇందలి వైచిత్ర్యము.

పర్వతమునకు ఈవల, ఆవల

కూటెనై జనుల నివాసము రాకీ పర్వతముల పడమటి లోయలు. నేటి పటమున చూచినచో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా ఆగ్నేయభాగము, అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఐడహో ఉత్తరభాగము, మాంటానా వాయవ్యభాగము వారి దేశము. అచట కూటెనై నది దక్షిణమునకు పారి, మరల ఉత్తరమునకు మరలి, కొలంబియా నదిలో కలియుచున్నది. ఆ నదులందును సరస్సులందును చేపలు పట్టుట, అడవులందు జింకలను వేటాడుట, దుంపలను త్రవ్వుకొనుట వారి జీవనము. ముందును వెనుకను మొనలు నీటిక్రిందికి వంగియుండు వారి పట్టపడవలు ప్రసిద్ధములు.

వారి జీవనమున తూర్పు మైదానములకును భాగము కలదు. బైసన్ మందలు పర్వతములకు తూర్పున నుండెడివి. కూటెనై వేటగాండ్రు కనుమలను దాటివచ్చి బైసనులను వేటాడి, మాంసమును ఎండబెట్టుకొని తిరిగిపోవుచుండిరి. ఒకప్పుడు కూటెనైవారిలో ఒక శాఖ పర్వతములకు తూర్పుననే నివసించెడిదనియు, మశూచి సోకి నశింపగా మిగిలినవారు పడమటికి తరలిరనియు వారి పరంపరాగత కథనము. 1941లో కూటెనై జనజీవనముపై గ్రంథము ప్రకటించిన టర్నీ-హై ఈ కథనమును విపులముగ చర్చించెను.

తూర్పు మైదానములు బ్లాక్‌ఫుట్ వారి వేటనేలలు. కావున బైసన్ వేట ప్రతిసారియు రెండు జనముల కలయికయే. అది కొన్నిమారులు పోరు, కొన్నిమారులు బేరము. పీటర్ ఫిడ్లర్ అను హడ్సన్స్ బే కంపెనీ భూమాపకుడు 1792–93 శీతకాలమును పీగన్ జనులతో గడపెను. 1792 డిసెంబరులో పర్వతపాదమున ఆతడు కూటెనైవారిని చూచెను. వారు తమ గుఱ్ఱములను పీగన్‌వారికి మారకమిచ్చుటకై వచ్చియుండిరి. వర్తకస్థావరములకు తామే స్వయముగ పోవలెనని కూటెనైవారి కోరిక. పీగన్‌వారు దాని కంగీకరింపలేదు. కారణము స్పష్టము: కూటెనైవారికి తుపాకులు నేరుగ లభించినచో పీగన్‌వారికి యుద్ధమందలి ఆధిక్యమును పోవును, దళారి లాభమును పోవును.

1807లో డేవిడ్ టామ్సన్ అను వర్తకుడు పర్వతములను దాటి విండర్‌మియర్ సరస్సు సమీపమున కూటెనై హౌస్ అను స్థావరమును నిర్మించుటతో ఆ అడ్డుగోడ కూలెను. కూటెనైవారి చేతికి తుపాకులు వచ్చెను. పీగన్‌వారు ఆగ్రహించిరి. 1833లో బోడ్మర్ చిత్రించిన పురుషుడు ఈ పరిణామములు జరిగిన కొలది దశాబ్దములకే బ్లాక్‌ఫుట్ వారి నడుమ కనబడుచున్నాడు. వైరమును, వర్తకమును, సంబంధబాంధవ్యములును కలగలసిన నేలపై ఆతడు నివసించెను. ఉత్తర మైదానములందు ఒక జనమునకు చెందినవాడు మరియొక జనమున చేరుటకు పెక్కు మార్గములుండెడివి. చిన్నతనమున చెరపట్టబడి పెంచబడుట, వివాహము, వర్తకస్నేహము, స్వజనులలో కలహము వానిలో ముఖ్యములు. ‘కూటాని’ అను ఒక్క మాట వీనిలో దేనిని చెప్పదు. కాని వీనిలో ఏదియో ఒకటి జరిగెననుటకు మాత్రము అది సాక్షి.

ఇట్టివారు మరికొందరు

ఈ పురుషుని స్థితి అపురూపమైనది కాదనుటకు టామ్సన్ వ్రాతలే సాక్ష్యము. ఆతడు పదునేడేండ్ల ప్రాయమున, 1787–88 శీతకాలమున, పీగన్ శిబిరమున సౌకమపీ అను వృద్ధుని డేరాలో అతిథిగ నుండెను. ఆ వృద్ధుడు పుట్టుకచేత క్రీ జాతివాడు. చిన్ననాట తండ్రితో గూడి పీగన్‌వారికి తోడుగ యుద్ధమునకు వచ్చి, కాలక్రమమున వారిలోనే స్థిరపడి, పెద్దగ గౌరవింపబడినవాడు. టామ్సన్ క్రీ భాష నెఱిగినవాడగుటచే ఆ వృద్ధునికి తన మాతృభాషలో మాటలాడు అవకాశము చిక్కెను. గుఱ్ఱములు రాకపూర్వపు యుద్ధముల తీరు, తుపాకి తొలిసారి చేతికి వచ్చినప్పటి యాశ్చర్యము, 1781 నాటి మశూచి బీభత్సము ఆతని నోట వెలువడినవి. బ్లాక్‌ఫుట్ జనుల ప్రాచీనచరిత్రకు నేడు మూలాధారముగ గ్రహింపబడు ఈ కథనము క్రీ జాతివాడు క్రీ భాషలో చెప్పినదగుట గమనింపదగినది. టామ్సన్ దీనిని 1840 ప్రాంతముల వార్ధక్యమున ఇంగ్లీషున వ్రాసెను. టిరెల్ పరిష్కరణమున అది అచ్చగుట 1916లో.

టామ్సన్ వర్ణించిన మరియొక ప్రముఖుడు పీగన్ యుద్ధనాయకుడు. ఆరడుగుల ఆరంగుళముల పొడవరి. కలహమును చల్లార్చుటయందును, సేనను నడుపుటయందును నేర్పరి. ఆతని పేరు కూటెనై అపీ. అనగా ‘కూటెనై పురుషుడు’ అని తాత్పర్యము. కూటెనైవారి కెదురుగ సేనను నడిపిన పీగన్ నాయకుని పేరే కూటెనై యగుట వింతగ తోచును. మైదానపు జనులలో పేరు పుట్టుకనే కాక పౌరుషకార్యమును, తారసిల్లిన సంఘటనను గూడ సూచించునది. కావున పేరును బట్టి జాతిని నిర్ణయించుట ఎంత ప్రమాదకరమో ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

ఈ మువ్వురిని పక్కపక్కన నిలిపి చూడవలెను. సౌకమపీ జన్మచే క్రీ, జీవితముచే పీగన్. కూటెనై అపీ పేరుచే కూటెనై, నాయకత్వముచే పీగన్. ఫలకమందలి పురుషుడు శీర్షికచే కూటెనై, నివాసముచే బ్లాక్‌ఫుట్ జనులవాడు. పటములందు గీతలు గీసి రంగులు పూసినట్లు జనులు నివసింపలేదు.

పేరు పెట్టినవారెవరు

‘కూటెనై’ అను మాటయే విచారింపదగినది. ఆ జనులు తమను ‘క్తునాహా’ అని చెప్పుకొందురు. ‘కూటెనై’, ‘కూటాని’, ‘కూటనా’ మున్నగు రూపములు యూరోపీయులకు బ్లాక్‌ఫుట్ వారి ఉచ్చారణము మీదుగ చేరినవని పలువురు పండితులు తలంచుచున్నారు. తూర్పునుండి వచ్చిన వర్తకులు ముందుగ కలిసికొన్నది బ్లాక్‌ఫుట్ వారిని గనుక ఇది సహజము. అట్లయినచో ఫలకము క్రింది శీర్షిక మూడు నోళ్లు మారి వచ్చినది. ఆ జనుల పేరు పొరుగువారి నోట మారినది, వర్తకుల వ్రాతలో మరల మారినది, జర్మన్ గ్రంథకర్త లిపిలో ఇంకొకమారు మారినది.

భారతదేశమున ఇట్టి ఉదాహరణములకు కొఱత లేదు. ఆదిలాబాదు మొదలు మధ్యప్రదేశము వరకు వ్యాపించిన గోండులు తమను ‘కోయితూర్’ అని చెప్పుకొందురు. ‘గోండు’ అను పేరు ఇతరులు పెట్టినది. జనాభా లెక్కలలోను, వ్యాకరణగ్రంథముల అట్టలపైనను నిలిచినది ఇతరులు పెట్టిన పేరే. గోండులను కోయితూరులనియు, కూటెనైవారిని క్తునాహాలనియు వ్రాసినంతమాత్రమున సమస్య తీరదు. ఏ పేరు ఎవరి నోట పుట్టినది, ఏ సందర్భమున వ్రాయబడినది అనునది తెలిసినప్పుడే పేరు చరిత్రకు పనికివచ్చును.

బంధువులు లేని భాష, పొరుగు గల భాష

బ్లాక్‌ఫుట్ భాష అల్గాంకియన్ కుటుంబమునకు చెందినది. క్రీ, ఒజిబ్వా, షయాన్ మున్నగునవి దాని సోదరభాషలు. ఆ కుటుంబము అట్లాంటిక్ తీరమునుండి రాకీ పర్వతముల వరకు వ్యాపించినది. కూటెనై భాషకు నిర్ధారణమైన బంధుభాష యొక్కటియు లేదు. భారత ఉపఖండమున బురుషస్కీ, నిహాలీ, నేపాళమందలి కుసుందా ఎట్టివో అమెరికాలో కూటెనై అట్టిది, ఏకాకి భాష.

దానిని ఏదో ఒక కుటుంబమున చేర్చవలెనను ప్రయత్నములు జరుగకపోలేదు. 1929లో ఎడ్వర్డ్ సపీర్ ప్రతిపాదించిన బృహద్విభాగములలో కూటెనై భాష అల్గాంకియన్, వకాషన్ భాషలతో పాటు ఒకే మహాకుటుంబమున చేర్చబడెను. 1965లో మేరీ హాస్ కూటెనై అల్గాంకియన్ భాషలకు బంధువా యను ప్రశ్ననే శీర్షికగ పెట్టి వ్యాసము ప్రకటించెను. పడమటనున్న సేలిష్ భాషలతో బంధుత్వమును సూచించినవారును కలరు. ఏ ప్రతిపాదనమును సర్వసమ్మతము కాలేదు. ధ్వనులందును పదములందును నియతమైన సంవాదము చాలినంత చూపబడకపోవుటయే కారణము.

అయినను వ్యాకరణమున ఒక సామ్యము ఆశ్చర్యము గొలుపుచున్నది. తెలుగున ‘రాముడు కృష్ణుని చూచి తన గుఱ్ఱము నెక్కెను’, ‘వాని గుఱ్ఱము నెక్కెను’ అను వాక్యములలో ‘తన’, ‘వాని’ అను మాటలచే గుఱ్ఱము ఎవరిదో తెలియును. కాని తరువాతి వాక్యమున ‘వాడు నదిని దాటెను’ అన్నచో ఆ ‘వాడు’ రాముడో కృష్ణుడో సందర్భము చెప్పవలసినదే. అల్గాంకియన్ భాషలలో ఈ సందిగ్ధతను వ్యాకరణమే తీర్చును. కథకు కేంద్రమైన ప్రథమపురుష వ్యక్తి ఒకడు. తక్కిన ప్రథమపురుష వ్యక్తుల నామములపై అప్రధానత్వమును తెలుపు ప్రత్యయము చేరును. క్రియారూపము సైతము ప్రధానుడు అప్రధానునిపై పని చేసెనా, లేక అప్రధానుడు ప్రధానునిపై చేసెనా యనుదానిని బట్టి మారును. ఈ యేర్పాటు బ్లాక్‌ఫుట్ భాషలో కలదు. కూటెనై భాషలోను కలదు. రెండింటి సామ్యములను, భేదములను 1992లో మాథ్యూ డ్రయర్ సవివరముగ తులనాత్మకముగ చూపెను.

బంధుత్వము ఋజువుకాని రెండు భాషలు ఇట్టి సూక్ష్మాంశమున కలియుటకు రెండు వివరణములే ప్రధానములు. అతిప్రాచీనమైన బంధుత్వపు జాడ కావచ్చును. లేదా చిరకాల సాన్నిధ్యముచే ఏర్పడిన పోలిక కావచ్చును. ఈ రెండవ మార్గము భారతీయ భాషాశాస్త్రజ్ఞులకు సుపరిచితము. 1956లో ఎమెనో భారతదేశమును ఒక భాషాక్షేత్రముగ నిరూపించుచు ప్రకటించిన వ్యాసము తరువాత, ద్రావిడ, ఆర్య, ముండా భాషల పోలికలను సాన్నిధ్యఫలముగ చూచుట స్థిరపడినది. అయితే భాషలు వానియంతట అవి ఒకదానినొకటి తాకవు. రెండు భాషలను ఒకే నాలుకపై మోయు మనుష్యులుండవలెను. వైరి శిబిరమునకు కోడలై వచ్చిన స్త్రీ, చెరపట్టబడి పెరిగిన బాలుడు, బేరమునకు వచ్చి నిలిచిపోయిన వేటగాడు అట్టి మనుష్యులు. వారు లేనిదే ‘భాషాసంపర్కము’ అను శాస్త్రపదమునకు అర్థము లేదు.

బోడ్మర్ చిత్తరువునకు భాషాశాస్త్రమున విలువ ఇక్కడ కలదు. ఆ ఒక్క పురుషుని వలన వ్యాకరణము మారెనని ఎవరును చెప్పజాలరు. కాని అట్టివారు నిజముగ నుండిరనుటకు, వారి ముఖమిట్టిదనుటకు ఆ చిత్రము సాక్షి. మాక్సిమిలియన్ తన గ్రంథమునకు అనుబంధముగ ప్రకటించిన ఆదిమభాషల పదపట్టికలలో కూటెనై పదములు కొన్ని చేరియున్నవి. పర్వతములను దాటి కూటెనై దేశమునకు పోకయే ఆ యాత్రికుడు ఆ భాష పదములను గ్రంథస్థము చేయగలిగెను. స్వదేశమునకు వెలుపల నివసించువారుండుట చేతనే అట్టిది సాధ్యమగును.

తరువాతి కథ

ఫలకము అచ్చగునప్పటికే ఆ చిత్రమందలి లోకము చెదరినది. 1837లో మిస్సోరి నదిపై వచ్చిన ఆవిరియోడతో మశూచి వ్యాపించెను. మాక్సిమిలియన్ బృందము 1833–34 శీతకాలమును గడపిన మాండన్ గ్రామములు దాదాపు నిర్మానుష్యములయ్యెను. బ్లాక్‌ఫుట్ జనులలో వేలకొలది మరణించిరి. ఫోర్ట్ మెకెంజీ 1844లో వర్తకులు బ్లాక్‌ఫుట్ వారిపై జరిపిన హత్యాకాండతో అంతరించెను. 1846లో బ్రిటన్, అమెరికా ప్రభుత్వములు రాకీ పర్వతములకు పడమట సైతము నలుబదితొమ్మిదవ అక్షాంశమును సరిహద్దుగ నిర్ణయింపగా కూటెనై దేశము రెండు రాజ్యముల మధ్య చీలెను.

1855 ఒడంబడికలలో ఈ రెండు జనముల చరిత్ర మరల కలిసెను. ఆ యేడు జూలైలో హెల్‌గేట్ కడ జరిగిన ఒడంబడికచే కూటెనైవారిలో కొందరు ఫ్లాట్‌హెడ్, పాండొరే జనులతో ఒకే ప్రత్యేకభూభాగమునకు చేర్చబడిరి. అక్టోబరులో బ్లాక్‌ఫుట్ వారితో జరిగిన ఒడంబడిక కూటెనైవారిని గూడ పేర్కొని, కొంత వేటనేలను 99 సంవత్సరముల పాటు అందరికి ఉమ్మడిగ నిర్ణయించెను. ఉమ్మడి వేటనేల అనునది ప్రభుత్వపు కాగితము కొత్తగ కనిపెట్టిన భావము కాదు. పోరుచు, బేరమాడుచు, పెండ్లియాడుచు ఆ జనులు అంతకుముందే అనుభవించుచుండిన దానికి అది వ్రాతరూపము మాత్రమే. ఆ గడువు తీరకముందే బైసన్ మందలు నశించెను.

భాష కథ ఇంకను విచారకరము. అలెగ్జాండర్ చాంబర్లేన్ సేకరించిన కథలను, తాను సేకరించినవానిని చేర్చి ఫ్రాంజ్ బోయస్ 1918లో కూటెనై కథాసంపుటమును ప్రకటించెను. తరువాత పాల్ గార్విన్ వ్యాకరణవ్యాసములు వ్రాసెను. 1991లో లారెన్స్ మోర్గన్ ఆ భాషను సమగ్రముగ వర్ణించు పరిశోధనగ్రంథమును సమర్పించెను. నేడు ఆ భాషను పుట్టుకనుండి మాటలాడువారు మిక్కిలి కొలదిమంది వృద్ధులు. సరిహద్దునకు ఇరువైపుల నున్న క్తునాహా సమాజములు పిల్లలకు భాషను నేర్పుటకు పాటుపడుచున్నవి.

చిత్రముల అదృష్టము వేరుగ నుండెను. బోడ్మర్ నీటిరంగుల మూలచిత్రములు వీడ్ రాజవంశమువారి కోటలో ఒక శతాబ్దమునకు పైగా మఱుగుపడియుండి, రెండవ ప్రపంచయుద్ధానంతరము వెలుగులోనికి వచ్చెను. అవి నేడు నెబ్రాస్కా రాష్ట్రమున ఒమహా నగరమందలి జాస్లిన్ కళాసంగ్రహాలయమున భద్రముగ నున్నవి. మాక్సిమిలియన్ దినచర్యల సంపూర్ణమైన ఇంగ్లీషు అనువాదము 2008 మొదలు 2012 వరకు మూడు సంపుటములుగ ప్రకటితమయ్యెను. చిత్రమును దినచర్యను సరిపోల్చి చదువు అవకాశము ఇప్పుడు పరిశోధకులకు లభించినది.

శీర్షికను చదువు విధము

ఒక చిత్రము క్రింద జాతినామము చూచినపుడు పరిశోధకుడు మూడు ప్రశ్నలను వేరుచేయవలెను. ఆ పేరు ఎవరి నోటిది? ఆ మనుష్యుడు పుట్టినది ఎవరిలో? నివసించినది ఎవరితో? ఈ మూటికి సమాధానము ఒక్కటే యగుట సామాన్యమని తలంచుచున్నాము. సరిహద్దు నేలలందు అది సామాన్యము కాదు. భాషాసేకరణమునకును ఇదియే వర్తించును. పదము చెప్పినవాడు ఎవరి నడుమ పెరిగెను, ఏ భాషలో ప్రశ్నింపబడెను, ఏ భాషలో బదులిచ్చెను అనునది వ్రాయని పదపట్టిక సగము పట్టికయే.

నలుబదియారవ ఫలకమును ఈ దృష్టితో చూచినచో పదవి లేని మూడవ పురుషుడే అందు ఎక్కువ చెప్పుచున్నాడు. నాయకు లిరువురును తమ తమ తెగలలో తమకు గల స్థానమును చూపుచున్నారు. కూటెనైవాడు ఆ తెగల అంచు ఎట్టిదో చూపుచున్నాడు. ఆ అంచు గోడ కాదు, కనుమ. ఆ కనుమగుండ బాణములు వచ్చినవి, గుఱ్ఱములు వచ్చినవి, తుపాకులు పోయినవి. మాటలును, వ్యాకరణపు పోకడలును రాకపోకలు సాగించియుండవచ్చును. దానిని దాటివచ్చి నిలిచిన ఒక మనుష్యుని రూపము 1833 వేసవి చివర నీటిరంగులలో నిలిచిపోయినది.